ఎర్ర మూత, నీలం మూత

మూకండపల్లి, హోసూరు
2 జూన్ 2024

అంజనమ్మ అత్తకు ప్రియ నమస్కారం.

నీ చెవి మిషన్‌కు ఆరు బ్యాటరీలు, మా కంపెనీ పసిపిల్లల పిండి డబ్బా ఒకటి పార్సిల్‌లో పెట్టాను. బ్యాటరీకి అంటించిన కాగితం పీకి, కాసేపు గాలికి ఉంచి, ఆ తర్వాతే మిషన్‌లో వెయ్యి. పోయినసారి కాగితంతోనే వేసి, మిషన్ చచ్చిపోయిందని రాశావు. ఫోనులో నేను అరవడం, వినపడక నువ్వు ఆఁ ఆఁ అనడం కన్నా ఈ ఉత్తరాలే నయం. మా ల్యాబులో నా పక్క సీటు ఉదయ్ కుమార్‌కు పోస్టు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదట.

ఇక అసలు విషయం. నువ్వు ముప్పై ఒక్క ఏళ్లు బాలవాడి టీచరుగా పనిచేసిన ట్రస్టు ఉంది కదా, వాళ్లు పసిపిల్లలకు పంచే రాగి పిండి గురించి కృష్ణగిరిలో ఒక కమిటీ వేశారు. పూర్వం లాగా మొలక కట్టిన రాగుల పిండి ఇవ్వాలా, ఇప్పుడిచ్చే మామూలు పిండే చాలా అన్నది తేల్చాలి. నన్నూ అందులో వేశారు. ఆగస్టు 30న తీర్మానం.

నేనేం చెబుతానో నీకు తెలిసిందే. పద్నాలుగేళ్ల కిందట నీ బాలవాడిలోనే కదా పరీక్ష పెట్టాను. పైన ఉండే మీది ఊరి పిల్లలకు ఎర్ర మూత డబ్బా, కూలివాళ్లుండే కింది కొట్టాల పిల్లలకు నీలం మూత డబ్బా. ఒకదాంట్లో మొలక పిండి, రెండోదాంట్లో మామూలు పిండి. పది నెలలు పోశాక చూస్తే రెండు పక్కలా పిల్లలు ఒకేలా పెరిగారు. మొలక వల్ల ప్రత్యేకంగా ఒరిగింది లేదని వ్యాసం రాశాను. అది చూసే ట్రస్టు నలభై మూడు ఊళ్లలో మొలక మానేసింది. ఇప్పుడూ అదే చెబుతాను.

కమిటీ అధ్యక్షుడు పాత పుస్తకాలన్నీ చూపమంటున్నాడు. బరువుల రిజిస్టరు నా దగ్గరుంది. నువ్వు రోజూ రాసుకున్న బ్రౌన్ అట్ట నోటుబుక్కులు నీ ట్రంకు పెట్టెలో ఉండాలి. అవి పంపించు.

నీ మేనకోడలు
ప్రియ


అంచెట్టి
13 జూన్ 2024

ప్రియమ్మకు అత్త దీవెనలు.

బ్యాటరీలు చేరాయి. కాగితం పీకే వేశాను. ఇప్పుడు మిషన్ కుక్కర్ లాగా విజిల్ వేస్తోంది. పక్కింటి కెంచమ్మ నా గురించి ఏమంటుందో కూడా వినపడుతోంది. వినపడనప్పుడే సుఖంగా ఉండింది.

నీ కంపెనీ డబ్బా దూడకు కలిపి పోశాను. తాగింది. పాపం, అది ఏం పోసినా తాగుతుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొలక మానిపించింది నువ్వా? ట్రస్టు వాళ్లు ఖర్చుకు వెనకాడి మానేశారని ఇన్నేళ్లూ వాళ్లను తిడుతూ ఉన్నాను. నేను రిటైరైన ఏడాది సామల్పట్టిలో పిండి చేసే ట్రస్టు మిల్లుకు పోతే, రాగులు నానబోసే తొట్లు ఎండిపోయి వాటిలో బల్లులు తిరుగుతున్నాయి. దాని వెనక నీ చెయ్యి ఉందని నాకెవరూ చెప్పలేదు.

మా అమ్మ నిన్ను పెంచింది దేంతో? రాగులు నానబోసి, తడిబట్టలో మూట కట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి, విసిరి, పలచని గుడ్డలో జల్లించి కాచిన జావతో, మన సరితో. మామూలు పిండి కాస్తే ముద్ద కడుతుంది. బిడ్డ మింగలేదని తల్లి నీళ్లు పోసి పలచన చేస్తుంది. చివరికి బిడ్డ కడుపుకు నీళ్లే పోతాయి. మొలక పిండి అయితే చిక్కగా కాచినా జారుతుంది. ఇదంతా ఎంజైమని పేరు పెట్టి నాకు చెప్పింది నువ్వే. ఇప్పుడు డబ్బాలు అమ్ముకునే కంపెనీలో కూర్చుని మొలక వద్దంటే ఎవరికి లాభమో తెలియనంత వెర్రిదాన్ని కాను. జీతమిచ్చే వాళ్ల పాట పాడక తప్పదేమో నీకు.

నోటుబుక్కులు ఎలుకలు కొట్టేశాయి. వాన ఇంకా సరిగా పడలేదు. రాగి నారు పోసుకుని ఆకాశం చూస్తున్నాం.

అత్త
అంజనమ్మ


మూకండపల్లి
24 జూన్ 2024

అత్తకు,

నీ ఉత్తరానికి రెండు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. నేను ఆ వ్యాసం రాసింది 2011లో. కంపెనీలో చేరింది 2013లో. ఏది ముందో నువ్వే చూసుకో.

మొలక గెలవాలని నాకంటే ఎక్కువ కోరుకున్నవాళ్లు ఎవరు? నాయనమ్మ కాచిన సరి మీదే ఎం.ఎస్సీ., దాని మీదే పిహెచ్.డి. చేశాను. ల్యాబులో గట్టిగా ముద్ద కట్టిన సరిలో ఒక చెంచాడు మొలక పిండి వేస్తే చాలు, చూస్తుండగానే కరిగి జారేది. అంత బలం ఉన్న పిండి పిల్లల ఒంట్లో ఎందుకు తేడా చూపలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ మూతలో ఏ పిండో రాసిన కాగితం కవరులో పెట్టి ప్రొఫెసర్ బీరువాలో ఉంచారు. నేను పక్షపాతం చూపకూడదని నాకు కూడా చెప్పలేదు. ఆ కవరు చించిన రోజు ఆయన ముందే ఏడ్చాను. ఆ తర్వాత మొలక అంటే ఎవరూ నాతో మాట్లాడలేదు. బిస్కట్లు పెట్టెలో విరగకుండా చూసే ఉద్యోగానికి వచ్చాను. ఆరేళ్లకు గానీ మళ్లీ పసిపిల్లల తిండి జోలికి రానివ్వలేదు.

నేను ప్రాణంగా నమ్మినది తప్పని నా చేత్తో నేనే రాశాను. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే. దాన్నే నువ్వు పాట పాడడం అన్నావు.

నోటుబుక్కుల సంగతి. నీ ట్రంకు పెట్టె ఇనుపది. ఇనుము కొట్టే ఎలుకలు అంచెట్టిలో ఉన్నాయని నేను వినలేదు. పిండి అటూ ఇటూ అయిందని భయపడుతున్నావేమో. డబ్బాలోది కొంచెం ఇంటికి పోవడం ఏ బాలవాడిలోనైనా జరిగేదే. ఎవరూ దాన్ని పట్టించుకోరు. పంపించు.

ప్రియ


అంచెట్టి
5 జూలై 2024

లక్ష్మీప్రియకు,

ముప్పై ఒక్క ఏళ్లలో ఒక చెంచాడు పిండి నా గడప దాటి లోపలికి రాలేదు. ఆ పరీక్ష జరిగే రోజుల్లో నీకు జ్వరమొచ్చి నా ఇంట్లోనే పడుకున్నావు, గుర్తుందా? సరి కావాలన్నావు. డబ్బాలు పక్కనే ఉన్నాయి. నేను కెంచమ్మ ఇంటికి పోయి దోసెడు రాగి పిండి అడిగి తెచ్చి కాచాను. ఆ సరి తాగిన నోటితో ఈ మాట అన్నావు.

నోటుబుక్కులు ఇదిగో, నాలుగూ పంపుతున్నాను. ఎలుకలు కొట్టలేదు. పోస్టాఫీసులో, “ఏముండాదమ్మా దీంట్లో?” అని అడిగితే, “నా మర్యాద ఉండాదప్పా, జాగ్రత్తగా పంపు” అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

అంజనమ్మ


మూకండపల్లి
19 జూలై 2024

అత్తకు,

ముందు నీ కాళ్లకు దండం పెట్టి ఒక మాట. నిన్ను దొంగ అనాలని నేను అనుకోలేదు. కానీ రాసింది చదివితే ఎవరైనా అదే అనుకుంటారు. ఆ జ్వరం, ఆ సరి నాకు గుర్తున్నాయి. క్షమించు.

నోటుబుక్కులు చేరాయి. అక్షరాలు చూస్తే నీ గొంతు విన్నట్టే ఉంది. ఒక పేజీలో పిల్లలందరి పేర్లు రాసి, ఎవరికి ఎప్పుడు పన్ను వచ్చిందో పక్కన గుర్తు పెట్టావు. ఇది మేమెవరమూ అడగలేదు. కింది కొట్టాల అంగాళమ్మ కూతురు కలైవాణికి తొమ్మిదో నెలలో రెండు పళ్లు వచ్చాయట. ఇప్పుడు ఆ పిల్లకు పద్నాలుగు దాటి ఉండాలి.

అత్తా, ఒక్కటి అడుగుతాను. కోపం తెచ్చుకోకు. సోమవారం సోమవారం ల్యాబు జీపులో రెండు డబ్బాలూ సమానంగా నింపి పంపేవాళ్లం. శనివారం మిగిలిన పిండిని నువ్వు తూచి రాసేదానివి. ఎర్ర మూత డబ్బా మీది ఊరిది, దాంట్లో తినే పిల్లలు ఇరవై ఆరుమంది. నీలం మూత కింది కొట్టాలది, పదిహేడు మంది. ఎర్ర మూతలో తక్కువ మిగలాలి. మొదటి వారం అలాగే ఉంది. రెండో వారం నుంచి చివరి వారం దాకా రెండు డబ్బాల్లోనూ సరిసమానంగా మిగిలింది. ఒక్క వారం కూడా తేడా లేదు.

ఈ పేజీలు నేను ఇంతకాలం చూడలేదు. పిల్లల బరువులే చూశాను. ఇది పొరపాటున రాసింది కాదని నీ చేతిరాత చెబుతోంది. రెండో వారంలో ఏం జరిగింది? కమిటీకి ఇంకా నలభై రోజులుంది. నువ్వు ఏది రాసినా చదువుతాను.

నీ ప్రియ


అంచెట్టి
30 జూలై 2024

ప్రియమ్మకు,

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్న దానిలాగా పోయిన ఉత్తరంలో ఎగిరిపడ్డాను. పిండి దొంగిలించలేదన్నది నిజం. కానీ మనసులో ఇంకొకటి ఉంది కాబట్టే అంత కోపం వచ్చింది. చెబుతాను విను.

డబ్బాలు వచ్చిన మొదటి రోజే రెండింట్లోనూ చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఏది మొలకదో ప్రొఫెసర్ బీరువాలో దాచుకుంటే దాచుకోనీ, పుట్టినప్పటి నుంచి రాగి తినేదానికి తెలియకుండా పోతుందా? ఎర్ర మూతది తియ్యగా ఉంది. నీలం మూతది మట్టిగా ఉంది. చీటీలు వేసినప్పుడు మీది ఊరికి ఎర్రది పడింది, మన వాళ్లకు. కింది కొట్టాల కూలివాళ్లకు నీలం. నువ్వు చదువుకున్నదానివి, చెప్పినట్టు చేద్దాం అనుకున్నాను.

బాలవాడి అరుగు నీకు తెలుసు. తల్లులందరూ ఒకే వరసలో ఒళ్లో బిడ్డలను పెట్టుకుని కూర్చుంటారు. అలా ఒకే వరసలో కూర్చోబెట్టడానికే నాకు పదేళ్లు పట్టింది. కింది వాళ్లను మెట్ల దగ్గర కూర్చోమనేవాళ్లు ముందు. ఆ వరసలో మొదటి వారమంతా నేను రెండు గిన్నెలతో తిరిగాను. మీది ఊరి బిడ్డలు గుటకలు వేస్తున్నారు. కలైవాణి ముద్దను నాలుకతో బయటికి నెట్టేస్తోంది. శనివారం అంగాళమ్మ నన్ను మెల్లగా అడిగింది. “అక్కా, ఆ గిన్నెలోది తీపి వాసన వస్తుంది, మాది రాలేదే. మా బిడ్డలకు వేరేదా?” అనింది. చీటీలో అట్ల పడిందమ్మా అని చెప్పాను. “మాకు ఎప్పుడూ అట్లనే పడతాది లే అక్కా” అనింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని.

మా పెళ్లిళ్లలో ఒకసారి నెయ్యి గరిటె బంతి మధ్య దాకా వచ్చి ఆగిపోయింది. అటు కూర్చున్నవాళ్లు పనివాళ్లు. మా అమ్మ ఆ గరిటె లాక్కుని చివరి విస్తరి దాకా వడ్డించింది. బంతిలో వలపక్షం చేసిన చెయ్యి కుళ్లిపోతుందని మాకు చెప్పేది. ఆ ఆదివారం నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. సోమవారం జీపు పోగానే రెండు డబ్బాలూ గంగాళంలో గుమ్మరించి, కలిపి, మళ్లీ రెండు డబ్బాల్లో నింపి, రోజూ రెండింట్లోంచీ సమానంగా తీసి అందరికీ ఒకే గిన్నెలో కాచాను. పది నెలలు అలాగే చేశాను. తూచి రాయమన్నావు కాబట్టి నిజంగానే తూచి రాశాను. అబద్ధం రాయడం చేతకాలేదు.

ఇంకొకటి కూడా అనుకున్నాను. బిడ్డలందరూ బాగా పెరిగితే నీకు మంచి పేరు వస్తుందని. కింది బిడ్డలు వెనకబడితేనే నువ్వు గెలిచేదని నాకెవరూ చెప్పలేదు. అలా చెప్పి ఉంటే ఆ డబ్బాలను అరుగు ఎక్కనిచ్చేదాన్ని కాదు.

జూన్‌లో నీ ఉత్తరం చదివాకే, మొలక పోవడానికి నేనే కారణమేమోనని అనుమానం వచ్చింది. అందుకే ఎలుకల మీదికి నెట్టాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాను రెండు నెలలుగా.

అత్త


మూకండపల్లి
8 ఆగస్టు 2024

అత్తకు,

నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. మర్యాదగా రాయడం నా వల్ల కాదు.

సగానికి సగం కలిపావు. చెంచాడు మొలక పిండి చాలునని నేనే రాశాను కదా. నువ్వు కలిపిన పిండి అంతా మొలక పిండిలాగే పనిచేసింది. రెండు పక్కలా పిల్లలు ఒకేలా పెరగక ఏమవుతారు? నేను పది నెలలు ఒక పిండిని అదే పిండితో పోల్చి, తేడా లేదని లోకానికి చాటాను. నాయనమ్మ సరి పనికిరాదని నా పేరుతో అచ్చయింది. నా గర్వమని నీకు రాసుకున్నది అదే.

నాది పోనీ. నలభై మూడు ఊళ్లు. పన్నెండేళ్లుగా మొలక లేదు. ఏడాదికి ఎంత తక్కువ చూసినా ఐదు వందల మంది పసివాళ్లు. వాళ్ల తల్లులు ముద్ద కట్టిన పిండిలో నీళ్లు పోసి తాగించారు. నీ వరసలో కూర్చున్న పదిహేడు మందికి పెట్టడానికి, వరసలో లేని ఆరు వేల మంది నోటి దగ్గరది తీశావు. వాళ్లు నీ కంటికి కనబడలేదు, అంతే. వలపక్షం అంటే అదేనని నాయనమ్మ ఉంటే అనేది.

ఒక్క మాట నన్ను అడిగి ఉంటే సరిపోయేది. నేను నీ ఇంట్లోనే పడుకునేదాన్ని కదా.

పత్రికకు రాసి వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలి. కమిటీకి కూడా చెప్పాలి. దీనితో పాటు ఒక కాగితం పెట్టాను. అందులో, క్షేత్ర కార్యకర్త పొరపాటు వల్ల రెండు రకాల పిండి కలిసిపోయింది అని మాత్రం ఉంది. నీ పేరు ఎక్కడా రాదు. నీ పెన్షన్‌కు ఏ ఇబ్బందీ ఉండదు. సంతకం పెట్టి పంపు.

ప్రియ


అంచెట్టి
18 ఆగస్టు 2024

ప్రియమ్మకు,

నువ్వు రాసిన ఆరు వేల మంది నన్ను నిద్రపోనివ్వడం లేదు. నాకు మీ పరీక్ష తెలియదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నీకు చెప్పకూడదని మాత్రం నాకు తెలుసు. చెబితే నువ్వు ఆపుతావని తెలుసు. కాబట్టి తిట్టు. నేను చదువుతాను.

నీ కాగితం సంతకం లేకుండా వెనక్కి పంపుతున్నాను. పొరపాటు అంటే చెయ్యి జారడం. నా చెయ్యి జారలేదు. నా పేరు లేకుండా కార్యకర్త అని రాస్తే, ఆ ఏడు పనిచేసిన ఆయా అక్కమ్మ మీదికి పోతుంది. ఆవిడ చచ్చిపోయి ఆరేళ్లు, వచ్చి కాదని చెప్పలేదు.

ఇంకొక మాట ఉంది. దీన్ని రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. ఐదో నెలలో నువ్వు రెండు డబ్బాల నుంచీ ఒక్కో పొట్లం పిండి ల్యాబుకు తీసుకుపోయావు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, “అత్తా, రెండూ ఒకటే మాదిరి జారినాయి. ఒకటి గట్టిగా ఉండల్ల కదా?” అని అడిగావు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో నువ్వే, ఒక డబ్బాలోదే రెండుసార్లు తీసుకుపోయి ఉంటాను లే అనుకుని, టీ తాగి లేచిపోయావు. ఇంకో పొట్లం అడగలేదు. అప్పుడు నీ పెళ్లి మాటలు నడుస్తున్నాయి, వ్యాసం గడువు దగ్గర పడుతోంది. నేను నోరు మూసుకున్నాను. నువ్వు కళ్లు మూసుకున్నావు. ఆ పూట మనిద్దరం అక్కడే ఉన్నాం అమ్మా.

నిన్ను ఇరికించడానికి రాయలేదు. ఇది నీ కాగితంలో లేదు కాబట్టి రాశాను. నా కాగితం ఇదిగో, మాట్లాడినట్టే రాశాను. దిద్దకుండా పంపు.

‘నేను అంజనమ్మ. అంచెట్టి కొండ మీద బాలవాడి టీచరుగా ఉండినాను. ఎర్ర మూత పిండీ నీలం మూత పిండీ రెండో వారం నుంచి నేనే కలిపినాను. పొరపాటున కాదు. తెలిసే కలిపినాను. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పలేదు. ఒక బంతిలో రెండు వడ్డనలు పెట్టేది నా చేత కాలేదు. దాని వల్ల వేరే ఊళ్ల బిడ్డలకు నష్టమొస్తుందని అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది.’

అత్త
అంజనమ్మ


మూకండపల్లి
2 సెప్టెంబరు 2024

అత్తకు,

కమిటీ అయిపోయింది. నీ కాగితం దిద్దకుండా చదివాను. తమిళంలో, ఇంగ్లీషులో కూడా చెప్పాల్సి వచ్చింది. ఒక బంతిలో రెండు వడ్డనలు అన్న మాట దగ్గర ఆగిపోయాను. విడమరిచి చెప్పేసరికి కృష్ణగిరికే చెందిన పెద్దావిడ ఒకరు తల ఊపారు. మిగతావాళ్లు గడియారం చూసుకున్నారు.

అధ్యక్షుడు నా మీద జాలిపడ్డాడు. పాపం, చదువురాని మనిషి చేసిన పనికి మీరేం చేస్తారు అన్నాడు. అక్కడితో కూర్చుని ఉండవచ్చు. నిజం చెబుతున్నాను, కూర్చోవాలనే అనిపించింది. తర్వాత రెండో కాగితం తీశాను. ఐదో నెలలో రెండు పొట్లాలూ ఒకేలా జారాయని, ఆ ఫలితం నేను వ్యాసంలో పెట్టలేదని, మళ్లీ పొట్లం తెప్పించి చూడలేదని చదివాను. ఆమె పదో తరగతి చదివింది, నేను పిహెచ్.డి. చదివాను అని కూడా అన్నాను. ఆ తర్వాత ఎవరూ జాలిపడలేదు.

నన్ను కమిటీ నుంచి తీసేశారు. పత్రిక వాళ్లు వ్యాసం వెనక్కి తీసుకుంటామని, నా డిగ్రీ ఇచ్చిన చోటికి కూడా తెలియజేస్తామని రాశారు. కంపెనీ నన్ను నెల రోజులు ల్యాబుకు రావద్దంది. ఉదయ్ కుమార్ ఫోను తియ్యడం లేదు. వీటికంటే బాధ ఇంకొకటి. మొలక గురించి నమ్మదగిన ఆధారం ఇప్పుడు అటూ లేదు, ఇటూ లేదు కాబట్టి, కొత్త పరీక్ష జరిగేదాకా మామూలు పిండే సాగుతుందని తీర్మానించారు. నిజం చెప్పినా సామల్పట్టి తొట్లలో నీళ్లు పడలేదు.

నా కోపం పోయిందని రాయలేను. పోలేదు. కానీ ఆ గదిలో నీ కాగితం చదువుతున్నప్పుడు, నీ పేరు గట్టిగా పలకాలనిపించింది. పలికాను.

ప్రియ


అంచెట్టి
12 సెప్టెంబరు 2024

ప్రియమ్మకు,

నీ ఉద్యోగం గురించి చదివి నా పెరట్లో కూర్చుని ఏడ్చాను. కెంచమ్మ వచ్చి ఆవు ఏమైనా పోయిందా అని అడిగింది. నా మేనకోడలు నిజం చెప్పి చెడిపోయిందని చెప్పాను. అది ఏడవడానికా నవ్వడానికా అని అడిగి పోయింది.

నువ్వు అందరి ముందూ చెప్పాక నేను ఇక్కడ దాచుకుని కూర్చోవడం సబబు కాదనిపించింది. మొన్న కింది కొట్టాలకు పోయాను. అంగాళమ్మ ఇప్పుడు గులాబీ తోటలో పనికి పోతోంది, చేతుల నిండా ముళ్ల గీతలే. కలైవాణి బడి నుంచి ఇంకా రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు తల్లి కంటే జానెడు ఎత్తు. డబ్బాల సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఏ మూతలో ఏముండేది, నేనెందుకు కలిపాను, దాని వల్ల నీ వ్యాసం ఎలా తప్పయింది, అన్నీ చెప్పాను. నా మనసులో ఎక్కడో, ఆమె నా చెయ్యి పట్టుకుని మంచి పని చేశావక్కా అంటుందని ఆశ ఉండింది. దాచడమెందుకు.

ఆమె అరచేతిలో విరిగిన ముల్లు పీకి పారేసింది. తర్వాత అడిగింది.

“అయితే అక్కా, నువ్వు కలపకుండా ఉండుంటే నా బిడ్డ వెనకబడిపోయుండునా? వెనకబడల్లనేనా ఆ డబ్బా మాకు ఇచ్చినారు?”

నేను వినపడనట్టు కూర్చున్నాను. మిషన్ బాగానే పనిచేస్తోంది.

చీటీలు వేశారు, ఎవరికి ఏది పడుతుందో ఎవరికీ తెలియదు అని చెప్పవచ్చు. అది ఆమెకు పద్నాలుగేళ్ల కిందటే చెప్పాను. దీనికి జవాబు నాకు తెలియదు ప్రియమ్మా. చదువుకున్నది నువ్వు. తెలిస్తే రాయి, పోయి చెబుతాను.

అత్త


మూకండపల్లి
19 సెప్టెంబరు 2024

అత్తకు,

అంగాళమ్మకు జవాబు మూడుసార్లు రాసి చించాను.

మొదట, మామూలు పిండి అయినా ఏమీ లేనిదాని కంటే మేలే కదా అని రాశాను. మా పుస్తకాల్లో అలాగే రాసుకుంటాం. రెండోసారి, ఏ డబ్బాలో ఏ పిండో నాకు తెలియదు అని రాశాను. అది నిజమే. మూడోసారి, ఇలా కొలవకపోతే ఏ పిల్లలకు ఏది మంచిదో ఎప్పటికీ తెలియదు అని రాశాను. అదీ నిజమే, ఇప్పటికీ నమ్ముతున్నాను. మూడూ చదువుకుంటే, ఆమె అడిగినదానికి ఒక్కటీ జవాబు కాదు.

ఆమె అడిగినదానికి జవాబు అవును. ఏ వరస పిల్లలో నాకు తెలియదు గానీ, ఒక వరస పిల్లలు వెనకబడతారని అనుకునే పరీక్ష మొదలుపెట్టాను. వాళ్లు ఎంత వెనకబడతారో కొలవడానికి త్రాసు కూడా కొన్నాను. వాళ్ల తల్లులకు మాత్రం, పిండి ఇస్తున్నాం, బరువు చూస్తాం అని మాత్రమే చెప్పాను. మీ బిడ్డ ఆ వరసలో పడవచ్చు, మీకు సమ్మతమేనా అని అంగాళమ్మను నేను అడగలేదు. నీ గంగాళం లేకపోతే కలైవాణి ఆ లెక్కలో ఒక అంకె అయ్యేది. అప్పుడు నా వ్యాసం సరిగ్గా వచ్చేది. నాకు పేరూ వచ్చేది.

ఇది ఉత్తరంలో రాసి నీ చేత చెప్పించే మాట కాదు. నువ్వు ఆమెకు ఏమీ చెప్పకు. 29వ తేదీ ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. ఆ పూట తోటకు పోవద్దని అంగాళమ్మకు చెప్పు. కలైవాణిని కూడా ఉండమను. వాళ్లు రమ్మంటే లోపల, లేదంటే వాళ్ల వాకిట్లో కూర్చుని చెబుతాను.

మిషన్ పెట్టుకుని నువ్వూ నా పక్కన కూర్చో.

నీ ప్రియ